తాతలకు శాలువాలెందుకు, కలం ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య తిరుపతిలోనూ చిత్తూరులోనూ పెద్దవాళ్ళనీ బడిపిల్లల్నీ ఒకచోట కూర్చోబెట్టి బొమ్మలు వేయించే శిబిరాలు ఎక్కువయ్యాయి. సంతోషమే. కానీ మర్నాడు పేపర్లో వచ్చే ఫొటోని ఒకసారి పరీక్షగా చూడండి. వెనక ఫ్లెక్సీ, ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీల్లో శాలువాలు కప్పుకున్న పెద్దవాళ్ళు, కింద జంపఖానా మీద స్కెచ్ పెన్నులతో పిల్లలు. పెద్దవాళ్ళ చేతుల్లో ఏమీ ఉండదు. ఉంటే టిఫిన్ పొట్లం ఉంటుంది. రెండు గంటల్లో అంతా అయిపోతుంది, ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోతారు. ఆ అవ్వ పేరు ఆ పిల్లకు తెలియదు, ఆ పిల్ల ఏ వీధి పిల్లో అవ్వకు తెలియదు. ఇల్లలకగానే పండగ అయిందనుకోవడం అంటే ఇదే.

రెండు తరాలు కలవాలంటే ఒకరు లేకపోతే ఇంకొకరి పని ఆగిపోవాలి. అలాంటి పనికి మన జిల్లా వాళ్ళు దూరం పోనక్కర్లేదు, వెదురు కలంతో గుడ్డ మీద బొమ్మలు వేసే శ్రీకాళహస్తి కలంకారీ ఉంది. అది ఒక్కరు ఒక్క పూటలో చేయలేని పని. నానబెట్టాలి, ఎండబెట్టాలి, ఆగాలి, ఉతకాలి, ఉడకబెట్టాలి. ఈ ఆగడమే మనక్కావాల్సింది. గుడ్డ ఆరేలోపు మాటలు నడుస్తాయి. ఈ పనిని సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఎలా నడపవచ్చో, ఎక్కడ చెడుతుందో, ఎందుకు చెడుతుందో ఈ ఉత్తరంలో రాస్తున్నాం. బళ్ళవాళ్ళకీ వార్డు సచివాలయాలకీ వృద్ధాశ్రమాలు నడిపేవాళ్ళకీ పనికొస్తుందని ఆశ. ఉత్తరం పెద్దదే, కత్తిరించాల్సి వస్తే కొలతలు అలాగే ఉంచి మిగతావి కత్తిరించండి.

ముందు అవసరం సంగతి. 2025 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. దాంతో ముడిపడిన మరణాలు ఏడాదికి 8,71,000 దాకా ఉంటాయని లెక్క. ఒంటరితనం అనగానే మనకు కొడుకులు బెంగళూరులోనో అమెరికాలోనో ఉండగా తాళం చెవి కొంగున కట్టుకుని కూర్చున్న అవ్వే గుర్తొస్తుంది. అదే నివేదిక 13 నుంచి 29 ఏళ్ళ వాళ్ళలో 17 నుంచి 21 శాతం మందికి ఈ బాధ ఉందని, పదమూడు దాటిన బడిపిల్లల్లో అది మరీ ఎక్కువని చెప్పింది. అంటే గడప లోపలున్న పెద్దామెదీ, ట్యూషన్ ఆటోలో కూర్చున్న పిల్లదీ ఒకటే జబ్బు. కళలు ఆరోగ్యానికి ఎంతవరకు సాయపడతాయో 2019లో అదే సంస్థ మూడు వేలకు పైగా అధ్యయనాలను దగ్గర పెట్టుకుని ఒక నివేదిక రాయించింది. బొమ్మలు వేయడం, పాడటం, ఆడటం మనసుకీ ఒంటికీ మేలు చేస్తాయనే తేలింది. అలాగని బొమ్మలు వేస్తే బీపీ మాత్ర మానేయొచ్చని ఎవరైనా వేదికెక్కి చెబితే నమ్మొద్దు.

ఇక పని. ఒక జట్టుకు ఎనిమిది మంది పెద్దవాళ్ళు, ఎనిమిది మంది పిల్లలు, కలంకారీ వచ్చిన మనిషి ఒకరు, పిల్లల తరఫున ఒక టీచరు. అంతకు మించితే సంత అవుతుంది. పిల్లలు ఆరు నుంచి తొమ్మిదో తరగతి వాళ్ళయితే బాగు. పదో తరగతి వాళ్ళను పిలవకండి, పరీక్షల గుబులుతో వస్తారు, వచ్చినా మనసు ఇక్కడ ఉండదు. మరీ చిన్నపిల్లలకు కలం కన్నా ముగ్గు నయం. వారానికొక పూట, ఉదయం తొమ్మిది నుంచి పదిన్నర దాకా, తొమ్మిది వారాలు. పొద్దుటి మాత్ర వేసుకుని, టిఫిన్ తిని వచ్చే వేళ అది. షుగరున్న వాళ్ళను పదకొండు దాటాక కూర్చోబెట్టకూడదు. శ్రీకాళహస్తిలో చేసేవాళ్ళు మహాశివరాత్రి బ్రహ్మోత్సవాల వారం సెలవు పెట్టుకోవాలి, ఆ రోజుల్లో పెద్దవాళ్ళు ఊళ్ళో రోడ్డు దాటడమే గగనం.

సంక్రాంతి తర్వాత మొదలుపెట్టమనడానికి కారణం ఉంది. మన వైపు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. ఆ ముసురులో పాలలో ముంచిన గుడ్డ ఆరదు, జిగటగా ఉండి బూజు పడుతుంది. మే నెలలో చేద్దామంటే ఎండకు పెద్దవాళ్ళు రాలేరు, స్వర్ణముఖిలో ఇసుక తప్ప నీళ్ళుండవు. జనవరి, ఫిబ్రవరిలో ఎండా సమానంగా ఉంటుంది, వానలు బాగా పడిన ఏడు ఏట్లో కాస్త పారుడు నీళ్ళూ ఉంటాయి.

కసిమి కుండ మాత్రం ధనుర్మాసంలోనే పెట్టాలి. కలంకారీలో నల్ల గీతకు వాడే రసమే కసిమి. కిలో తుప్పు పట్టిన ఇనప ముక్కలు, పావుకిలో బెల్లం, అందులో కొంత తాటిబెల్లమైతే మరీ మంచిది, ఐదు లీటర్ల నీళ్ళు మట్టికుండలో పోసి, మూత వదులుగా పెట్టి పదిహేను నుంచి ఇరవై రోజులు పులియనివ్వాలి. రెండ్రోజులకోసారి కర్రతో కలపాలి. మూత బిగిస్తే లోపల గాలి పుట్టి పొంగుతుంది. కొత్త మేకులు కొనుక్కొచ్చి వేసేవాళ్ళున్నారు. జింకు పూత ఉన్నవైతే ఇనుము నీళ్ళలోకి సరిగా దిగదు, నలుపు సరిగా రాదు. పాత గుర్రపు నాడాలు, విరిగిన కొడవలి, తుప్పు గొలుసు లాంటివి కావాలి. ఇవి ఎవరింట్లో ఉంటాయో పిల్లలకు తెలియదు, పెద్దవాళ్ళ అటకల మీద ఉంటాయి. కాబట్టి మొదటి పని పెద్దవాళ్ళదే: ఇనుము పోగుచేయడం. పిల్లలకు అప్పజెప్పాల్సింది కుండను రెండ్రోజులకోసారి కలపడం. కుండ పెద్దవాళ్ళ ఇంటి వసారాలో పెట్టిస్తే, కలపడానికి పిల్లలు అక్కడికి పోవాల్సిందే. శిబిరం మొదలుకాకముందే ఏడెనిమిదిసార్లు గడప దాటి లోపలికి వెళ్ళి ఉంటారు.

గుడ్డ నాలుగు మీటర్లు, మిల్లులో తెల్లగా చలువ చేయని ముతక నూలు గుడ్డ. బరువు సుమారు 650 గ్రాములు ఉంటుంది. మొదటి వారం బొమ్మల ఊసెత్తొద్దు. ముందు రాత్రి నానబెట్టిన గుడ్డను బాది ఉతికి గంజి వదిలించాలి. వదిలిందో లేదో తెలుసుకోవాలంటే ఆరిన గుడ్డ మీద ఒక నీటి చుక్క వేయాలి. వెంటనే ఇంకితే సరే, ముత్యంలా నిలబడితే మళ్ళీ ఉతకాలి. ఇక్కడ తొందరపడితే తర్వాత రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది, దానికి మందు లేదు.

రెండో వారం కరక్కాయ, పాలు. గుడ్డ బరువులో ఐదో వంతు, అంటే 130 గ్రాముల కరక్కాయ పొడి చాలు. లీటరు పచ్చి గేదెపాలలో, గుడ్డ మునగడానికి సరిపడా నీళ్ళు చేర్చి, పొడి కలిపి, గుడ్డను అంతటా సమంగా తడిసేలా పిసికి, పిండి, నీడా మడతా పడకుండా ఎండలో పరచాలి. కరక్కాయలోని వగరు కసిమిలోని ఇనుముతో కలిసినప్పుడే నలుపు పుడుతుంది. పాలలోని వెన్న గీతను పాకనివ్వదు. ఈ రెండు ముక్కలూ తెలిస్తే సగం తప్పులు జరగవు. ప్యాకెట్లో టోన్డ్ పాలు పోస్తే వాటిలో వెన్న మూడు శాతమే, గీత దూదిమీద సిరాలా పాకుతుంది. గేదెపాలు దొరక్కపోతే ఫుల్ క్రీమ్ ప్యాకెట్ వాడండి. నీళ్ళ విషయంలోనూ ఒక పరీక్ష ఉంది. కరక్కాయలో ముంచి ఆరబెట్టిన చిన్న పీలికను మీ బోరు నీళ్ళలో గంటసేపు ఉంచండి. బూడిదరంగుకు తిరిగితే ఆ నీళ్ళలో ఇనుముంది, వేరేచోటి నుంచి నీళ్ళు తెచ్చుకోండి. ఆరిన గుడ్డను చీమలకు అందకుండా దండెం మీద ఉంచాలి. పాలవాసన వాటికి ఎంత దూరమైనా తెలుస్తుంది.

మూడు, నాలుగు వారాలు బొమ్మ నిర్ణయించుకోవడానికి. మాకైతే అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, సాధారణంగా అందరూ పాడుచేసేదీ ఇదే. నిర్వాహకులు ముందే అచ్చు గీతలు వేయించిన గుడ్డ తెచ్చి "రంగులు నింపండి" అంటారు. అలా చేస్తే పెద్దవాళ్ళు చెప్పడానికి ఏమీ మిగలదు. కాళహస్తి గుళ్ళ గుడ్డల పద్ధతి చూడండి: నడుమ ఒక పెద్ద బొమ్మ, చుట్టూ గళ్ళు, ఒక్కో గడిలో కథలో ఒక్కో ఘట్టం, దాని కింద తెలుగులో ఒక వరస రాత. ఈ ఎత్తుగడ రెండు తరాలకు కొలిచి కుట్టినట్టు ఉంటుంది. ఎనిమిది జతలకు ఎనిమిది గళ్ళు. పెద్దవాళ్ళు చెప్పాలి, పిల్లలు గీయాలి, పెద్దవాళ్ళు దిద్దాలి, కింద పిల్లలు తెలుగులో రాయాలి. నడుమ బొమ్మ అందరిదీ.

కథ రామాయణమే కానక్కర్లేదు. గంగజాతరలో బైరాగి వేషం, మాతంగి వేషం ఎలా కట్టేవాళ్ళు, చెరుకు గానుగ దగ్గర బెల్లం పాకం ఎప్పుడు దించేవాళ్ళు, ఏట్లో చెలమ ఎలా తీసేవాళ్ళు లాంటివి తీసుకోవచ్చు. ఎద్దులతో నీళ్ళు తోడే కపిల బావి గురించి అడగండి, ఏం జరుగుతుందో చూడండి. పిల్ల బొమ్మ వేస్తుంది: బావి, గట్టు, గట్టెక్కుతున్న ఎద్దులు. తాత అడ్డం పడతాడు. "ఎక్కడం కాదమ్మా, దిగుతాయి. ఎద్దులు పల్లానికి నడిస్తే మోకు లాగుతుంది, బాన పైకొస్తుంది. వెనక్కి నడిస్తే బాన నీళ్ళలోకి పోతుంది." పిల్లకు బోధపడదు. తాత లేచి, టవలు ఒక కొస పిల్ల చేతికిచ్చి, కుర్చీ వీపు మీదుగా వేసి లాగి చూపిస్తాడు. పిల్ల చెరిపి మళ్ళీ గీస్తుంది. ఈసారి తోలు తొండం ఎటుండాలన్న దగ్గర పక్క గడి అవ్వ కూడా మాట కలుపుతుంది. ఈ పావుగంట కోసమే మిగతా తొమ్మిది వారాలూ.

చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో గీస్తే దులిపితే పోతుంది కాబట్టి ఎన్నిసార్లయినా దిద్దుకోవచ్చు. పుల్లల్ని మూత పెట్టిన మట్టిపిడతలో కాల్చాలి, తెరిచి కాల్చితే బూడిదే మిగులుతుంది. రాత దగ్గర ఓపిక కావాలి. ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఒత్తులు కుదరవు, పెద్దవాళ్ళలో కొందరికి చదువు రాదు. ఇద్దరికీ సిగ్గే. పిల్ల రాసింది పైకి చదవాలి, పెద్దామె "నేను చెప్పింది అదే" అనాలి, అప్పుడే గుడ్డకెక్కించాలి. అచ్చుతప్పు ఒకటీ అరా ఉంటే ఉండనివ్వండి, మాట మాత్రం ఆమెదిగా ఉండాలి. పుస్తకభాషలోకి మార్చే టీచర్లను ఆ పూట కాస్త కాఫీకి పంపండి.

ఐదు, ఆరు వారాలు కసిమి గీతలు. కలం అంటే జానెడు వెదురు పుల్ల. మొన చెక్కి, మొనకు అంగుళం పైన పాత కంబళి ముక్కో నూలు పీలికో నిమ్మకాయంత చుట్టి దారం బిగించాలి. కసిమిలో ముంచి చుట్టను నొక్కుతూ గీస్తే రసం మొనకు దిగుతుంది. చుట్ట మొనకు మరీ దగ్గరైతే చుక్కలు కారతాయి, మరీ దూరమైతే గీత మధ్యలోనే ఎండిపోతుంది. చేతి వేళ్ళు బిగిసినవాళ్ళకు పుల్లకు పైన కూడా గుడ్డ చుట్టి బొటనవేలంత లావు చేసి ఇవ్వండి, పట్టు దొరుకుతుంది. చేయి వణికేవాళ్ళకు సన్నగీత ఇవ్వకండి, అంచులో ఆకులు, చుక్కలు, గళ్ళ లోపలి నింపుడు పని ఇవ్వండి. అక్కడ వణుకు తెలియదు, పైగా అంచుపని సగం గుడ్డకు సమానం. మొన చివర మొద్దుగా దంచిన కలం వాళ్ళకు వేరే ఉండాలి.

కసిమి గుడ్డకు తగలగానే లేతగా ఉండి చూస్తుండగానే నల్లబడుతుంది. పిల్లలకు ఇది గారడీ. గాఢత ఎక్కువైతే ఏళ్ళు గడిచాక గీత ఉన్నచోటే గుడ్డ చిరుగుతుంది, ఇనుము నూలును తినేస్తుంది. అందుకని వడకట్టి, పీలిక మీద పరీక్షించి, నలుపు రావడానికి సరిపోయేటంత పల్చన చేసుకోవాలి. బట్టల మీద పడితే మాత్రం పోదు, పాత బట్టలతో రమ్మని ముందే చెప్పండి.

కూర్చునే తీరు గురించి చెప్పకపోతే మిగతాదంతా వృథా. పనివాళ్ళు నేలమీద కూర్చుని వేస్తారు. డెబ్బై దాటిన మోకాళ్ళతో అది జరిగేది కాదు. బడి బల్లలు రెండు కలిపి, పైన కంబళి పరిచి, దాని మీద గుడ్డ వేయాలి. కుర్చీకి చేతులుండాలి, లేచేటప్పుడు ఆనుకోవడానికి. వెలుతురు ఎడమవైపు నుంచి పడాలి, శుక్లాలున్న వాళ్ళకు ఎదురు కిటికీ పనికిరాదు. జతను పక్కపక్కన కాక ఎదురెదురుగా కూర్చోబెట్టండి. వినికిడి తగ్గినవాళ్ళు సగం మాట పెదాల్లో వింటారు. ఒక బల్లకు నలుగురికన్నా ఎక్కువ వద్దు, మైకు అసలు వద్దు. బాత్రూం ఇరవై అడుగుల్లో ఉండాలి. అది మేడ మీద ఉన్నచోట రెండో వారానికే పెద్దవాళ్ళు తగ్గిపోతారు, కారణం అడిగితే ఎవరూ చెప్పరు.

ఏడో వారం పటిక. లీటరు నీళ్ళకు 70 గ్రాముల పటిక కరిగించి, ఎరుపు రావాల్సిన చోట్ల పూయాలి. మంజిష్ఠ వేరు ఇచ్చే ఎరుపు పటిక ఉన్నచోటే గట్టిగా పట్టుకుంటుంది. పటిక నీళ్ళు గుడ్డమీద కనపడవు కాబట్టి కాస్త మంజిష్ఠ నీరు కలిపితే ఎక్కడ పూశామో తెలుస్తుంది. పూసిన గుడ్డను ఒక రోజైనా కదపకూడదు. మర్నాడు పారే నీళ్ళలో ఉతకాలి. గుడ్డ ఎక్కువగా చెడేది ఇక్కడే. నిలవనీళ్ళ తొట్టిలో ముంచితే వదులైన పటిక నీళ్ళలో కలిసి గుడ్డంతా పట్టేస్తుంది, ఉడకబెట్టాక తెల్లగా ఉండాల్సిన ముఖాలు కూడా ఎర్రగా తేలతాయి. ఏట్లో నీళ్ళు లేకపోతే తొట్టికి పైపు పెట్టి పొంగిపొర్లేలా వదలండి. తడిగుడ్డను దానిమీద దాన్నే మడవకూడదు. నాలుగు మీటర్ల గుడ్డను మడత పడకుండా నీళ్ళలో ఆడించడానికి రెండు కొసల్లో ఇద్దరు కావాలి. ఒక కొస పిల్లలు నీళ్ళలో దిగి పట్టుకుంటే, రెండో కొస పెద్దవాళ్ళు గట్టుమీద కుర్చీలో కూర్చుని పట్టుకోవచ్చు. నాచుపట్టిన మెట్ల మీదికి మాత్రం వాళ్ళను దించొద్దు.

ఎనిమిదో వారం ఉడుకు. 300 గ్రాముల మంజిష్ఠ పొడి వేసిన నీళ్ళలో సన్న సెగ మీద గంటసేపు, కర్రతో తిప్పుతూనే ఉండాలి. రాగి పాత్ర మేలు, స్టీలు పరవాలేదు. ఇనప బాణలి వాడితే ఎరుపు కాస్తా నల్లబారి వంకాయరంగుకు తిరుగుతుంది. పొయ్యి దగ్గరికి పిల్లల్ని రానివ్వకండి. ఇది వంటపని తెలిసిన అవ్వల పెత్తనం, కలంకారీ మనిషి పక్కన ఉంటే చాలు. ఉడికాక నేపథ్యం మురికి గులాబీగా కనబడి అందరికీ నీరసం వస్తుంది. రెండు మూడు రోజులు తడుపుతూ ఎండబెడితే తేటపడుతుంది. ఈ సంగతి ముందే చెప్పండి, లేకపోతే "పాడైపోయింది" అనుకుని పిల్లలు ఏడుస్తారు. తర్వాత మళ్ళీ ఒకసారి పాలలో ముంచి ఆరబెట్టి, కరక్కాయ పువ్వుతో పసుపు, నీలిమందుతో నీలం వేసి, చివరి ఉతుకు ఉతికితే తొమ్మిదో వారం ముగుస్తుంది. పసుపు మీద నీలం పడినచోట ఆకుపచ్చ వస్తుంది.

ఇంత తంటా ఎందుకు, దుకాణంలో యాక్రిలిక్ రంగులు దొరుకుతాయి కదా అనొచ్చు. పాలవాసన పడని ఆసుపత్రి వార్డులో అవే నయం, కాదనం. కానీ అవి గంటలో ఆరిపోతాయి. ఆరాక మళ్ళీ కలవాల్సిన పని ఉండదు.

కలంకారీ కుదరని ఊళ్ళలో చెక్కభజన ఉంది, కోలాటం ఉంది. పాట పెద్దవాళ్ళది, అడుగు పిల్లలది అన్న లెక్కన నడపండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూర్చునే తాళం వేయొచ్చు. సినిమా వరసలు పెట్టి వేగం పెంచితే రెండో చరణానికే పెద్దవాళ్ళు తాళం వదిలేస్తారు. చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర జరిగే భారతం చూసినవాళ్ళకు ఇవన్నీ కొత్తగా చెప్పనక్కర్లేదు. పద్దెనిమిది రోజులు మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం, అర్జునుడు తపస్సుకు ఎక్కే తపసుమాను, చివరిరోజు నేలమీద మట్టితో పోసిన దుర్యోధనుడు. ఆ మట్టి ఎవరు తేవాలి, రంగు ఎవరు పూయాలి, మాను ఎవరు నిలబెట్టాలి అన్నది ఇంటింటికీ తెలుసు. ప్రాజెక్టు అన్న పేరు లేకుండానే అందులో ముసలీ ముతకా పిల్లాజెల్లా అందరికీ పని ఉంటుంది. రిపోర్టులు రాసేవాళ్ళు ముందు అది చూడాలి.

కొన్ని జాగ్రత్తలు. తలుపు మూసిన గదిలో ఒక పెద్దమనిషి, ఒక పిల్ల మాత్రమే ఉండే పరిస్థితి ఎప్పుడూ రానివ్వకండి. టీచరు కంటి ఎదురుగానే పని జరగాలి. కసిమి కుండ కలపడానికి ఇళ్ళకు పంపేటప్పుడు ఇద్దరు ముగ్గురు పిల్లల్ని కలిపి, వాళ్ళ ఇంట్లోవాళ్ళ అనుమతితోనే పంపండి. ఫొటోలకు పెద్దవాళ్ళనూ అడగండి, వాళ్ళకూ ఇష్టాయిష్టాలుంటాయి. రెండు వారాలు వరసగా రానివాళ్ళ ఇంటికి జతలోని పిల్లతో కలిసి టీచరు వెళ్ళి చూడాలి. చెప్పిందే చెప్పడం, వచ్చిన దారి మరిచిపోవడం కనిపిస్తే ఇంట్లోవాళ్ళకు చెప్పి డాక్టరుకు చూపించమనండి. పిల్లల్లో గానీ పెద్దల్లో గానీ దిగులు గట్టిగా పట్టినట్టు అనిపిస్తే మానసిక ఆరోగ్యానికి సలహా ఇచ్చే టెలి మానస్ ఫోన్ 14416 ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళను సరిగా చూడటం లేదని తెలిస్తే 14567కు ఫోన్ చేయొచ్చు.

మేలు జరిగిందో లేదో తెలుసుకోవడానికి పెద్ద ప్రశ్నాపత్రాలు వద్దు. మొదటి వారం, చివరి వారం, ఆ తర్వాత మూడు నెలలకు మూడు ప్రశ్నలు అడగండి: పోయిన వారంలో ఇంటివాళ్ళు కాకుండా ఎంతమందితో మాట్లాడారు, ఎన్నిసార్లు బయటికి వచ్చారు, రాత్రి నిద్ర ఎలా ఉంది. మూడు నెలల తర్వాతి జవాబే అసలు జవాబు. శిబిరం నడుస్తున్నప్పుడు అందరూ బాగుందనే అంటారు.

అధికారులకు మూడు మనవులు. జాతీయ విద్యా విధానం 2020లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక పనివాళ్ళ దగ్గర నేర్చుకోమని ఉంది. కుమ్మరి, వడ్రంగి, కళాకారుడు అని పేర్లతో సహా ఉంది. పది రోజులూ వరసగా ఇవ్వకుండా వారానికొకటి చొప్పున ఇస్తే ఈ తొమ్మిది వారాలు అందులో ఇమిడిపోతాయి. రెండోది, ఇంట్లోంచి కదలని పెద్దవాళ్ళెవరో ఒకటో తారీఖున పింఛను ఇవ్వడానికి గడప దాకా వెళ్ళే సచివాలయం సిబ్బందికి తెలిసినంత ఎవరికీ తెలియదు. పిలుపు వాళ్ళ నోటి మీదుగా పోనివ్వండి. ఫ్లెక్సీ చూసి వచ్చేవాళ్ళు ఎలాగూ బయట తిరిగేవాళ్ళే.

మూడోది కలంకారీ మనిషి కూలి. ఈ విద్య ఒకసారి అంతరించే దాకా వచ్చింది. 1950ల చివర్లో అఖిల భారత హస్తకళల బోర్డు శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టి, మిగిలిన పాతతరం చేత కుర్రవాళ్ళకు నేర్పిస్తే నిలబడింది. అలా నిలబడ్డ చోటి నుంచే 2008లో జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి పద్మశ్రీ వచ్చింది. తిరుపతిలో టీటీడీ శిల్ప కళాశాలలో ఈ విద్య ఇప్పటికీ నేర్పుతున్నారు, చదివి బయటికొచ్చిన యువకులున్నారు. వాళ్ళను పిలిచి పూటకు పూట కూలి లెక్కగట్టి ఇవ్వండి, గుడ్డ ఉతికే రోజుకు, ఉడకబెట్టే రోజుకు రెండు పూటల కూలి. "మీ కళకు ప్రచారం వస్తుంది కదా" అని ఉచితంగా రప్పించుకోవడం మర్యాద కాదు.

గుడ్డ తయారయ్యాక దాన్ని బీరువాలో పెట్టొద్దు. ఆసుపత్రి ఓపీ హాల్లోనో, బస్టాండులోనో, వార్డు సచివాలయంలోనో జనం కూర్చుని ఎదురుచూసే చోట కట్టండి. మేకులు కొట్టకుండా పైఅంచుకు గొట్టంలా కుట్టి కర్ర దూర్చి వేలాడదీయాలి, లేకపోతే కసిమి గీత దగ్గరే చిరుగు మొదలవుతుంది. నేరుగా ఎండ పడకూడదు, ముందు వెలిసేది పసుపే. రాత కళ్ళకు అందే ఎత్తులో ఉండాలి. కుర్చీలో కూర్చున్న మనిషి కళ్ళ ఎత్తు అని అర్థం.

ఇట్లు,
కలంకారీ, చెక్కభజన నేర్పే కొందరం,
తిరుపతి.

తా.క. మిగిలిన కసిమి పారబోయకండి. వడకట్టి సీసా నిండా పోసి మూత బిగించి చీకట్లో పెట్టండి. సీసాలో ఖాళీ ఉంటే గాలి తగిలి గోధుమరంగుకు తిరుగుతుంది. కుండలోని ఇనుము కడిగి ఆరబెట్టుకుంటే వచ్చే ధనుర్మాసానికి అదే ఇనుము మళ్ళీ పనికొస్తుంది, కొత్త బెల్లం చాలు.